చెరి సగం

“ముందు ఆ లైటు ఆర్పండి!”

షెడ్డులో అడుగు పెడుతూనే ఆమె వేసిన కేకకు కారు తలుపు మీద పడుతున్న సుత్తి ఆగిపోయింది. రంగులు వేసే చోట వెలుగుతున్న పెద్ద లైటును యజమానే లేచి ఆర్పాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆమె భుజం మీద మూడు నెలల పాప ఉంది. నూలు టోపీ అంచు కింద జుట్టు దూదిపింజలా తెల్లగా కనిపిస్తోంది. కనురెప్పల వెంట్రుకలూ తెలుపే.

“కూర్చోండమ్మా,” అన్నాడు యజమాని.

“కూర్చోడానికి రాలేదండీ. మీ రంగుల మహారాజు ఎక్కడ?”

మహారాజు ఒక పాత కారు వెనక పాత రంగు గీకే ఎమరీ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా పుట్టీ దుమ్ము. పాప పుట్టిన పదో రోజున ఇల్లు వదిలి వచ్చినవాడు ఈ షెడ్డు పైగదిలోనే పడుకుంటున్నాడు. ఫోను ఎత్తడు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే లేనని చెప్పిస్తాడు.

“ఇక్కడికెందుకొచ్చావు? పదిమందిలో గొడవ వద్దు. సాయంత్రం మాట్లాడుకుందాం.”

“పదిమందిలోనా? ‘ఆ పిల్ల నాకు పుట్టలేదు’ అని నువ్వన్నది ఎక్కడ? ఈ పదిమందిలో కాదూ? నింద బజార్లో వేసి జవాబు మాత్రం గదిలో చెప్పమంటావా?”

సుత్తి పట్టుకున్నవాడు గొంతు సవరించుకున్నాడు. “పోనీలెండి. ఏదో సరదాకి అన్న మాట...”

ఆమె గిర్రున అతని వైపు తిరిగింది. అసలు నిప్పు రాజేసింది ఇతనే. ఫోనులో పాప ఫోటో చూసి, ‘నీ బండికి తెల్లరంగు ఎవడు కొట్టాడోయ్!’ అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు వెంటబడి ఇంటిదాకా వచ్చింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మర్నాటికల్లా మనిషి మంచం మీద లేడు, అలమరలో అతని బట్టలూ లేవు.

“సరదానా? నీ సరదాకి ఒక ఆడదాని పరువు కావలసి వచ్చిందా? నాలుకకి నరం లేదని ఎలా పడితే అలా తిప్పుతావా?”

అతను సుత్తి తీసుకుని కారు అవతలి వైపుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ సుత్తి చప్పుడు చేయలేదు.

“ఇప్పుడే కంటి ఆసుపత్రి నుంచి వస్తున్నాను,” అంది ఆమె. “విను. దీన్ని అల్బినిజం అంటారు. బొల్లి కాదు, అంటురోగం కాదు, ఎవరి శాపమూ కాదు. ఒంట్లో రంగు పుట్టదు, అంతే. కళ్ళలోనూ పుట్టదు. అందుకే చూపు తక్కువ, గుడ్లు అటూ ఇటూ ఆడుతుంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. ఎండ తగిలితే తోలు కమిలిపోతుంది. తలకి టోపీ, ఒంటి నిండా బట్ట, బళ్ళో ముందు బెంచీ, పెద్ద అక్షరాల పుస్తకం ఉంటే చాలు. అందరిలాగే చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది. నీలాంటి తండ్రిని నిలదీస్తుంది కూడా.”

“డాక్టర్లు ఏదో ఒకటి చెప్తారు.”

“ఇంకా అయిపోలేదు. ఇది తల్లి ఒక్కదాని నుంచి రాదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చి రెండూ కలిస్తేనే ఇలా పుడతారు. ఒక్క సగమే ఉన్నవాళ్ళు నీలాగే నిగనిగలాడుతూ తిరుగుతారు. నీ సగం ఉంది కాబట్టే ఇది ఇలా ఉంది! ఆ ముక్కు చూడు. ఆ చెవి చూడు. ఎవరివి?”

పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. అతని కాలు తనకు తెలియకుండానే ముందుకు పడింది. చెయ్యి చాచాడు.

“ముట్టుకోకు! చేతులు థిన్నర్ కంపు.”

ఆమె పాపను వాకిలి వెలుగు నుంచి పక్కకు తిప్పి, అరచేతిని కళ్ళకు గొడుగులా పట్టింది. ఏడుపు సన్నగిల్లింది. కానీ ఆమె కోపం తగ్గలేదు. ఆటోవాడు అద్దంలోంచి చూసిన చూపు, ఆసుపత్రిలో పక్కావిడ తన పిల్లను దూరంగా లాక్కున్న తీరు, అన్నీ ఇంకా కళ్ళ ముందే ఉన్నాయి. వాళ్ళంటే పరాయివాళ్ళు. తనవాడే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

“కన్న కడుపు ఎలా మండుతుందో నీకేం తెలుసు?” అంది.

అతనికీ రోషం వచ్చింది. చేతిలోని ఎమరీ కాగితం విసిరికొట్టాడు.

“నా రక్తంలో ఉంటే ఎక్కడో ఒకచోట కనబడాలి కదా! నాన్న నలుపు, తాత నలుపు. నన్ను చూడు, బొగ్గు. నావాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఇలా పుట్టారా? చూపించు. ఇప్పుడే ఇంటికొస్తాను, అందరి ముందూ కాళ్ళు పట్టుకుంటాను!”

పెళ్ళికి ముందు పుట్టింటివాళ్ళు ఆమె నోటికి ఒక తాళం వేశారు. ‘అత్తవారింట్లో ఆ మాట ఎత్తావో, నీ కాపురం కూలుతుంది’ అన్నారు. ఇన్నేళ్ళూ ఎత్తలేదు. ఎవరు గుచ్చి గుచ్చి అడిగినా నోరు విప్పలేదు. ఇవాళ ఆ తాళాన్ని కోపమే బద్దలుకొట్టింది.

“ఉన్నాడు,” అంది.

“ఎవరు?”

“నీకు కనబడకుండా దాచిన నీ మేనమామరా,” అంది అతని కన్నతల్లి.