నలభై శాతం

కరెంటు కారు నా పేరు మీదే ఉంది. దాని ఛార్జింగు ఎంతవరకో పెట్టే యాప్ మాత్రం మా ఆయన ఫోన్లో ఉంటుంది. నలభై శాతం దాటనివ్వడు. "ఎక్కువ పెడితే బ్యాటరీ పాడవుతుంది," అంటాడు.

నలభైతో నేను పాఠం చెప్పే స్కూలుకీ బజారుకీ వెళ్ళి రావచ్చు. పలుపు ఎంత పొడవుంటే గొడ్డుకు అంతవరకే మేత.

ఇవాళ పొద్దున్నే గేటు తీస్తుంటే వరండాలోంచి అడిగాడు. "ఎక్కడికి?"

"అక్క వాళ్ళింటికి."

ఫోను చూసి నవ్వాడు. "నూట పది కిలోమీటర్లు. ఏసీ వెయ్యకపోతే ఎలాగోలా చేరతావు. దారిలో గానీ అక్కడ గానీ ఛార్జింగు పెట్టే చోటే లేదు. వచ్చేటప్పుడు నెట్టుకుంటూ వస్తావా?"

మూడు నెలలుగా నేను వేసుకుంటున్న లెక్కా అదే.

"చేరతానని మీరే అన్నారుగా. చాలు," అని సీటు బెల్టు పెట్టుకున్నాను.

వీధి మలుపులో అద్దంలోకి చూశాను. ఆయన ఇంకా ఫోను పట్టుకుని తిరుగు ప్రయాణం లెక్క కడుతున్నాడు.

డిక్కీలో దుప్పటి కింద నా చీరలన్నీ ఉన్నాయి, సర్టిఫికెట్లున్నాయి. వాటి మీద, అక్క వాళ్ళ ఊరికి నేనే అడిగి వేయించుకున్న ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఉంది.