వెనక వరస

"ఆవిడ మళ్ళీ రాస్తోంది," అంది టీచరమ్మ.

వేదిక మీదున్న దర్జీ తలెత్తాడు. చివరి వరసలో పెద్దావిడ. ఒళ్ళో చిన్న నోటుబుక్కు.

కాలువలోకి రంగునీళ్ళు వదిలే ఫ్యాక్టరీ మీద పోరాడే సంఘం అది. ఒకప్పుడు రెండొందల మంది. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకుని, వెనక పేరు రాయించుకున్నారు.

ఊరేగింపులో బ్యానరు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర చెడింది. సగం మంది ఎదురుసందులో ఇంకో సంఘం పెట్టారు. మిగతావాళ్ళు ఏ పక్కకూ పోకుండా ఇళ్ళకు పోయారు. పోరాటం ఒకే కాలువ కోసం, మైకులు మాత్రం రెండు.

ఇప్పుడు హాల్లో ఖాళీ కుర్చీల మధ్య ఏడుగురు. పెద్దావిడతో ఎనిమిది. పై నెలలో ఈ హాల్లోనే ప్రజాభిప్రాయ విచారణ. జనం కనబడకపోతే ఫ్యాక్టరీకి ఇంకో పదేళ్ళు అనుమతి.

దర్జీ దిగి వెళ్ళాడు.

"ఏం రాస్తున్నావు పెద్దమ్మా?"

"పేర్లు, నాయనా."

"మా వాళ్ళవేనా?"

"మీ వాళ్ళవే."

పుస్తకం లాక్కుని పైపైన చూశాడు. నిజమే, పేర్లే.

"ఫ్యాక్టరీ వాళ్ళు పంపారా?" అంది టీచరమ్మ.

పెద్దావిడ కళ్ళజోడు మడిచింది.

"చదివి ఇచ్చేయండి. నాకింకా పనుంది."

"ఇక రానక్కర్లేదు," అన్నాడు దర్జీ.

ఆవిడ రాలేదు. పుస్తకం కుట్టుమిషను సొరుగులో, ఊడిన బొత్తాల కిందికి పోయింది. చదివే తీరిక ఎవరికి? ఎదురుసందు వాళ్ళను తిడుతూ కరపత్రం రాయాలి కదా.

విచారణ రోజు పొద్దున హాలు ముందు జనం. ఎదురుసందు వాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరూ కుర్చీల వెనక తమ పేరు వెతుక్కుని, దుమ్ము తుడుచుకుని కూర్చున్నారు.

"ఎవరు రమ్మన్నారు?" అడిగాడు దర్జీ.

"ఒక పెద్దావిడ," అన్నాడు ఇస్త్రీ అతను. "'నీ కుర్చీ ఖాళీగా ఉంది' అనేది. తిట్టి పంపినా మళ్ళీ వచ్చేది. ఈమధ్య పుస్తకం పోయిందట, గుర్తున్నంత మేరకు తిరుగుతున్నానంది."

"ఏదీ ఆవిడ?"

"మా పై వాటాలో ఉండేది. మొన్న ఆదివారం కాలం చేసింది. మీకు తెలీదా? మీరే పంపిస్తున్నారనుకున్నాం."

టీచరమ్మ మైకు సరిచేసింది. అది సరిగానే ఉంది.

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ అనుమతి ఆగింది.

సాయంత్రం దర్జీ సొరుగు లాగాడు. బొత్తాలు నేల మీద రాలాయి. ఏరలేదు.

పుస్తకంలో తన పేరు లేదు, టీచరమ్మది లేదు, హాలుకు వచ్చే ఏడుగురిలో ఎవరిదీ లేదు. ఉన్నవన్నీ రానివాళ్ళ పేర్లే, ఒక్కో పేరు పక్కన వాళ్ళింటికి ఎన్నిసార్లు వెళ్ళిందో అన్ని గీతలు.