చిల్లు లుంగీ

చచ్చిపోయిన మొగుడు ఎబినేజరు బట్టలతో దయామణి బొంత కుడుతుంటే, అక్కుపల్లి నారాయణమ్మ మూటతో వచ్చి వాకిట్లో నిలబడింది. పదేళ్లపాటు వారానికి మూడు రోజులు అతని కాపురం ఆవిడింట్లోనే.

"ఏటే, ఆడ్ని పంచుకున్నది సాల్లేదా? గుడ్డలు కూడా పంచుకోడానికొచ్చినావా?"

"లేదప్పా. బొంతకి పనికొస్తాయని ఆయన లుంగీలు తెచ్చినాను."

"నాకేటి తక్కువ? సూడు, ఎన్ని పేంట్లో! అన్నీ చర్చికేసినవే."

నారాయణమ్మ ఒక పేంటు గుడ్డ నలిపి చూసింది. "ఇవి గరుకప్పా, ఒంటికి గుచ్చుకుంటాయి. లోపలెట్టి కుట్టు. పైకి ఈ లుంగీలేసుకో."

దయామణి మూట విప్పింది. ఆరు లుంగీలు, వెన్నలా ఉన్నాయి. ఒకదానికి పిర్రలకాడ చిల్లు.

"నాకాడ ఒక్క లుంగీ కూడా లేదే. ఇంట్లో కూడా బెల్టు పెట్టుకునే కూకునేవోడు. మరేదస్తుడనుకున్నాను."

నారాయణమ్మ తలొంచుకుంది.

"మెత్తటివన్నీ నీకాడే అరగ్గొట్టీసినాడు, సచ్చినోడు."

దయామణి ఇంకో సూదిలోకి దారం ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఆ కొస నుంచి నువ్వు కుట్టు. ఆ సిల్లు లుంగీ మాత్రం నా పక్కకెయ్."