గూడు కట్టని పురుగులు

తుపాకీ మడమ దెబ్బకు ఐలయ్య పన్ను ఒకటి ఊడి మల్బరీ ఆకుల్లో పడింది. తట్టలోని పట్టుపురుగులు దాని చుట్టూ తిరిగి తమ మేత తాము మేశాయి.

"నీ కొడుకు బాలరాజు యాడున్నడు?"

"నాకెర్కలేదు కొడుకా."

ఇంకో దెబ్బ. ఈసారి పక్కటెముక.

బాలరాజు అక్కడే ఉన్నాడు. అదే షెడ్డులో, పురుగుల తట్టల వెనక, మల్బరీ కట్టెల కుప్ప కింద. తొడలో వీళ్లు కాల్చిన గుండు. నోట్లో తల్లి కుక్కిన గుడ్డ. కోరుట్ల దవాఖానకు చేరిస్తే గండం గడిచేదే. కానీ దారి పొడుగునా వీళ్ల కాపలా.

ఒకడు తట్టను తన్నబోయాడు. బక్కపలచటి నాయకుడు వాడి చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"పురుగుల జోలికి పోకు. గవే వీళ్ల బువ్వ."

తర్వాత ఆ నాయకుడు ఐలయ్య భార్య సత్యవ్వ వైపు తిరిగాడు.

"గూళ్లు కట్టినంక తట్టలన్నీ ఎత్తుతరు గదా అవ్వా? అప్పుడస్తం. షెడ్డు ఖాళీ జేసి సూస్తం."

వాళ్లు పోగానే సత్యవ్వ దూలం సందులోంచి ఒక సీసా తీసింది. పట్టు ఆఫీసరు ఇచ్చిపోయిన హార్మోను మందు. పురుగు ఒంట్లో పిల్లతనాన్ని నిలిపే హార్మోను తగ్గితేనే అది గూటికి సిద్ధమవుతుంది. ఈ మందు కొంచెం చల్లితే ఇంకాస్త మేసి గూడు లావుగా కడుతుంది. ఎక్కువ చల్లితే గూడు కట్టడమే మరిచిపోతుంది.

సత్యవ్వ సీసా మొత్తం చల్లింది.

"మరిచిపోనీ. పట్టుచీరెలు కట్టెటోళ్లు ఈ ఏడు నూలువి కట్టుకుంటరు."

పురుగులు మేశాయి. మేస్తూనే ఉన్నాయి. దోసకాయంత అయ్యాయని పక్క ఊరివాళ్లు ఇప్పటికీ చెబుతారు. దోసకాయ అబద్ధం. బెండకాయ నిజం.

పంట పోయింది. బాలరాజు గాయం మాత్రం మానుతోంది. రేపో మాపో కుంటుకుంటూ నడుస్తాడు.

ఆలోపే వాళ్లు వచ్చారు. ఊళ్లో మిగతా షెడ్లన్నీ గూళ్లతో తెల్లగా మెరుస్తున్నాయి. ఇక్కడ ఇంకా మేతే.

నాయకుడు ఒక పురుగును అరచేతిలోకి తీసుకున్నాడు.

"మంచిగ బలిసినయి అవ్వా."

"మా అసొంటోళ్ల ఇంట్ల పుట్టినయి గద కొడుకా. ఆకలెక్కువ."

ఆయన నవ్వాడు. కాలేజీలో పురుగుల శాస్త్రం చదివినవాడు.

"ఎప్పుడు గూడు కట్టాల్నో పురుగు జీన్లల్లనే ఉంటది. పక్కింట్ల కట్టినయి, గీడ కట్టలేదు. అంటే మందు కొట్టినవు. చేతికొచ్చిన పంట ఉత్తగనే ఎవరన్న పాడుజేసుకుంటరా అవ్వా?"

సత్యవ్వ ఆయన కాళ్ల మీద పడింది. ఐలయ్య ఆకు కోసే కత్తితో మీదికి దూకాడు. ఒక్క గుండు. ఐలయ్య తట్టల మీద వెల్లకిలా పడ్డాడు. ఆయన కింద పురుగులు చితికాయి.

"బాపూ!" అని కట్టెల కుప్ప అరిచింది.

బాలరాజును జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. తల్లి చూస్తుండగానే మోకాళ్ల మీద కూచోబెట్టి కాల్చారు.

మర్నాడు జగిత్యాల నుంచి వచ్చిన పోలీసులు బాలరాజు శవం మీద అతని ఖాకీ టోపీ పెట్టి, తమవాడికి ఆఖరి వందనంగా తుపాకులు గాల్లోకి పేల్చారు.