నాలుగో బోల్తా

ఈతకొలనులో నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

గట్టు మీద కూర్చున్న డెల్ఫీన్ రోబిషో ముక్కులోంచి రక్తం ధారగా కారుతోంది. ముక్కు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆమె పక్కన ఒకడు మింగిన క్లోరిన్ నీళ్లన్నీ కక్కేశాడు. పొద్దున తిన్న గుడ్డు ముక్కలు అందులో తేలుకుంటూ, వాళ్లతోపాటే శిక్షణలో ఉన్న కింకేడ్ కూర్చున్న చోటికి వచ్చాయి. అతను జరగలేదు. ముక్కు మూసుకుని అలాగే కూర్చున్నాడు.

ఫ్లోరిడా తీరంలో నౌకాదళం హెలికాప్టర్లు ఎక్కాలంటే ముందు ఈ డ్రమ్ములోంచి బయటపడాలి. సముద్రంలో కూలిన హెలికాప్టర్‌లోంచి బయటపడటం నేర్పే ఆ డ్రమ్ము అచ్చం దాని పొట్టలా ఉంటుంది. ఆరుగురిని బూట్లతో సహా బెల్టులతో సీట్లకు కట్టి, నీళ్లలో ముంచి, తలకిందులు చేస్తారు. మూడుసార్లు మామూలుగా. నాలుగోసారి నల్లరంగు పూసిన కళ్లద్దాలు పెట్టి. పైనేదో కిందేదో తెలియదు. తడుముకుంటూ ఒకరి తర్వాత ఒకరు కిటికీలోంచి రావాలి. ముందున్నవాళ్లు వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి ఆగాలి.

నాలుగోసారి ఎవరో ఆగలేదు.

"ఎవరు?" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్, పెటీ ఆఫీసర్ బాస్కిన్. కాపలాకు నీళ్లలో ఉన్న డైవర్లు తల అడ్డంగా ఊపారు. బుడగల్లో ఏ కాలు ఎవరిదో కనబడలేదట.

"పొరపాటున తగిలితే ఒకసారి తగులుతుంది. ఈ పిల్లకు రెండుసార్లు తగిలింది. మొదట భుజం మీద, తర్వాత ముఖం మీద. తొక్కి మరీ వెళ్లారు. చెప్పండయ్యా, ఎవరు?"

చివరికి ఓరిన్ టాకెట్ చెయ్యెత్తాడు. కెంటకీ బొగ్గు గనుల ఊరివాడు, పొడుగాటి మనిషి. డ్రమ్ములో ఆమె పక్క సీటు అతనిదే.

"నేనే అనుకుంటా, పెటీ ఆఫీసర్."

"అనుకోవడమేంటి?"

"బెల్టు ఊడలేదు. భయమేసింది. కాళ్లు కొట్టుకున్నాను. దేనికో తగిలినట్టుంది."

కింకేడ్ ముఖం తిప్పుకుని మురుగు జాలీలోకి ఉమ్మాడు.

ఆ పూట నుంచి టాకెట్ పేరు గాడిద.

"గాడిదొచ్చిందిరోయ్, ముక్కులు జాగ్రత్త!" మెస్సులో ఎవడో అరిచేవాడు. ఇంకొకడు ఓండ్రపెట్టేవాడు. టాకెట్ తల వంచుకుని, జావలో వెన్న కలుపుకుని తినేవాడు. గడ్డం మీద జావ అంటుకున్నా తుడుచుకునేవాడు కాదు. కింకేడ్ అది చూడలేక తన పళ్లెం చెత్తడబ్బాలో బోర్లించేవాడు. నాలుగు రోజుల్లో మూడు కిలోలు తగ్గాడు.

"వాడి మీద కోపంతో నీ కడుపెందుకురా మాడ్చుకుంటావ్?" అన్నారు మిత్రులు.

"వాసన. ఇక్కడ అంతా ఏదో వాసన," అన్నాడు కింకేడ్.

రోజూ సాయంత్రం టాకెట్ తన వంతు పుడ్డింగ్ కప్పు దాచి ఆసుపత్రికి పట్టుకెళ్లేవాడు. రోబిషో తలుపు తీయనిచ్చేది కాదు. కప్పు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాడు. ఆ సంగతి విన్నప్పుడు కింకేడ్‌కు ఒళ్లంతా జలదరించింది.

ఐదో రోజు బట్టలుతికే గదిలో టాకెట్ అతన్ని పట్టుకున్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఒక్కటి చెప్పరా. నువ్వూ ఆ కిటికీలోంచే వచ్చావు. నా వెనకో ముందో ఉన్నావు. అది నా కాలేనా? ఎంత గుర్తు చేసుకున్నా నాకు తెలియడం లేదు. ఒకోసారి నేను కాదేమో అనిపిస్తుంది. అలా అనిపించినందుకు మళ్లీ నా మీద నాకే రోతగా ఉంటుంది."

యంత్రంలో బట్టలు తిరుగుతున్నాయి. సబ్బు నురుగు అద్దానికి కొట్టుకుంటోంది.

"నీదే," అన్నాడు కింకేడ్.

టాకెట్ తలూపాడు. కారుతున్న ముక్కును చేత్తో తుడుచుకుని, అదే చెయ్యి చాపాడు. "థాంక్స్ రా. తెలిస్తే చాలు."

కింకేడ్ ఆ చెయ్యి ముట్టుకోలేదు.

మర్నాడే టాకెట్ తనంతట తాను శిక్షణ మానుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టాడు. ఓడలకు తుప్పు గీకి రంగు పూసే పనికి పంపించారు. సంచి భుజాన వేసుకుని బస్సెక్కుతుంటే శిక్షణార్థుల గదుల కిటికీల్లోంచి ఓండ్రలు వినిపించాయి.

నెల తర్వాత రోబిషో తిరిగొచ్చింది. ముక్కు కాస్త వంకరగా అతుక్కుంది. మళ్లీ డ్రమ్ము ఎక్కాలి. శిక్షణలో మిగతా మెట్లన్నీ దాటిన కింకేడ్ దగ్గరికి వచ్చింది.

"నాతో రెండోసారి ఎక్కుతావా? నా కోసం తిండి మానేశావట. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం."

కాదనలేకపోయాడు. చీకట్లో, తలకిందులుగా, ఊపిరితిత్తులు పగిలిపోతున్నా అతను ఆగాడు. అందరూ వెళ్లాక ఆఖరున వచ్చాడు. పైకి తేలగానే కొలనులోనే వాంతి చేసుకున్నాడు.

"చూశారా? ఇలా ఆగాలి!" అన్నాడు బాస్కిన్. అందరూ చప్పట్లు కొట్టారు.

పట్టా ఇచ్చిన రోజు లూసియానా నుంచి రోబిషో తల్లి వచ్చింది. కింకేడ్ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ దుర్మార్గుడి సంగతి విన్నాను నాయనా. నా బిడ్డకు నువ్వు అండగా నిలిచావు. ఇదిగో, నా చేత్తో చేశాను, తిను," అంటూ పెకన్ పప్పుల మిఠాయి అతని నోటికందించింది.

అతను కాదనకుండా నమిలాడు గానీ, నీళ్లలో తన బూటు మడమ కింద ఆమె కూతురి ముక్కు పటుక్కుమన్న ఆ స్పర్శ మాత్రం కింకేడ్ కుడికాలిని ఇంకా వదల్లేదు.