సగం బొమ్మ

పార్కులో వెనక గోడవారగా ఒక సిమెంటు ఆడమనిషి నిలబడి ఉంటుంది. ముప్పయ్యేళ్లుగా ఆవిణ్ణి ఎవరూ కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. చాచిన ఎడమచెయ్యి మాత్రం పనికొచ్చింది. మొక్కలకు నీళ్లు పట్టే ఆమె తన క్యారేజీ సంచీ దానికే తగిలిస్తుంది.

సోమవారం ఆ బొమ్మని పగలగొట్టి తీసేస్తున్నారు. విరిగిన బొమ్మ పార్కుకి అందం కాదని సూపర్‌వైజరు తేల్చేశాడు.

ఆ కబురు విన్న దగ్గర్నుంచీ రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన రోజూ వస్తున్నాడు. మడతకుర్చీ వేసుకుని బొమ్మని గీస్తున్నాడు. మొహం కాదు, ఆ ఎడమచెయ్యే. ఎన్ని కాగితాలు చింపాడో లెక్కలేదు.

"బాబాయ్, పొద్దస్తమానం ఇక్కడే ఉంటారు, ఇంట్లో ఎవరూ లేరా?" సంచీ తీసుకుంటూ అడిగింది ఆమె.

"పాప ఉందమ్మా. మా ఆవిడ పోయాక మేమిద్దరమే."

"పాపేం చేస్తుంటుంది?"

"ఏం చెయ్యదు. మాటల్లేవు. ఎన్నేళ్లొచ్చినా చిన్నపిల్లే." ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు. "మాకు పిల్లల్లేరు. ఓ గాలివాన రోజు మా ఆవిడే తెచ్చుకుంది. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని చాన్నాళ్లు భయపడ్డాం. ఒక్కరూ రాలేదు."

ఆమెకి ప్రాణం చివుక్కుమంది. కాగితంలోకి తొంగిచూసింది.

"ఇదేంటి బాబాయ్, ఈవిడ చేతిలో ఇంకో చెయ్యుందే?"

వెళ్లి బొమ్మని తడిమి చూసింది. ఇన్నాళ్లూ తను సంచీ తగిలించిన చేతిలోనే బుల్లి వేళ్లు నాలుగున్నాయి, మణికట్టు దగ్గర విరిగిపోయి.

"అయ్యో, పక్కన పిల్ల ఉండేదన్నమాట."

అటుగా వచ్చిన సూపర్‌వైజరు నవ్వాడు. "పిల్ల కూడా ఉంటే భేషుగ్గా గేటు దగ్గరే పెట్టేవాణ్ణి. సగం బొమ్మ ఎవరిక్కావాలి?"

"నిజంగా పెడతారా?" అన్నాడు పెద్దాయన.

"ముందు పిల్లని తెండి, చూద్దాం." వేళాకోళంగా అనేసి వెళ్లిపోయాడు సూపర్‌వైజరు.

పెద్దాయన మళ్లీ కూర్చోలేదు. ఆ విరిగిన అంచుని అసలు సైజులో, గుంటా గతుకూ వదలకుండా గీసుకుని ఇంటిదారి పట్టాడు. రోజుకి నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఆయనకున్నది పాప ఒక్కతే. అదీ లేకపోతే ఇక గోడలతోనే.

తలుపు తాళం తీసి, గుమ్మంలోంచే పిలిచాడు.

"పాపా, నిన్ను మీ అమ్మ దగ్గరికి పంపించేస్తానే."

ఎప్పట్లాగే పాప పలకలేదు.

ఆయన మంచం పక్కకి వెళ్లి ఆ కాగితాన్ని పాప సిమెంటు మణికట్టుకి ఆనించి చూశాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.