పసుపు కుంచె

“అక్కా, ఇది మా ఆయనే,” అంది జెలీ, భూతద్దం మీంచి తల ఎత్తకుండా.

పక్క బల్ల దగ్గర ఎర్రరంగు వేస్తున్న క్లెమాన్స్ చెయ్యి ఆగిపోయింది.

పారిస్‌లోని ఆ రంగుల కార్ఖానాలో ఆడవాళ్ళంతా సినిమా రీళ్ళకు కుంచెలతో రంగులద్దుతారు. మనిషికో రంగు. ముందు క్లెమాన్స్ ఎరుపు, తర్వాత జెలీ పసుపు. ఈసారి వచ్చింది పెళ్ళాం చేతిలో మోసపోయిన మొగుడి తమాషా. ఆ ఊళ్ళో పసుపంటే మోసపోయిన మొగుడి రంగు, కోటుకు అది వేస్తేనే జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. పసుపు కోటాయన పెళ్ళాం ప్రియుణ్ణి వీధిలో తరుముతున్నాడు. వెనక కాఫీ హోటల్ ముందు, ఎవరో ఆడమనిషి నడుం మీద చెయ్యేసి, జెలీ మొగుడు అనతోల్ కూర్చుని ఉన్నాడు. సినిమావాళ్ళు వీధి వీధంతా బొమ్మ తీసేశారని పాపం అతనికి తెలియదు.

“వాళ్ళమ్మకు జబ్బని చెప్పి పోయాడు. నేను కొనిచ్చిన టోపీ పెట్టుకుని మరీ. ఆ మహాతల్లి ఎవరో చూద్దామంటే, ప్రతి బొమ్మలోనూ దాని మొహం నిండా ఎరుపే. నీ కుంచె ఎప్పుడూ గీత దాటదు కదక్కా?”

క్లెమాన్స్ కుంచె గిన్నెలో పెట్టేసింది. “కావాలనే పూశానే. ఎవతో తెలిస్తే నీకు తిండి సయిస్తుందా? వాడి మొహమూ చెరిపేద్దును, ఈలోపే మదాం రీలు లాక్కుపోయి నీకిచ్చేసింది.”

జెలీకి దుఃఖం ఆగలేదు. క్లెమాన్స్ భుజం మీద తల వాల్చేసింది. కన్నతల్లయినా తన గురించి ఇంత ఆలోచించదనిపించింది.

“నేనింక ఆ కొంపకు పోనక్కా. నీ దగ్గరే ఉంటాను. నాకింకెవరున్నారు?”

“దానికేముందే, వచ్చెయ్,” అంది క్లెమాన్స్, కుంచె కడుక్కుంటూ.

అజమాయిషీ చేసే మదాం బ్రుయెర్ జెలీ బల్ల మీది ఎర్రమరకలు చూసి, రంగు వెయ్యని కొత్త రీలు తెచ్చింది. “రీలంతా తగలేశారు. మళ్ళీ మొదట్నుంచీ వెయ్యండి. ఎక్కడే పాడైంది, ఈ హోటల్ దగ్గరేనా?”

రీలును అద్దాల కప్పు వెలుగుకు ఎత్తి, భూతద్దం కంటికి ఆనించింది. ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వింది.

“ఓసి క్లెమాన్స్, సినిమాలో పడ్డావని చెప్పనే లేదేం? నీ నడుం మీద చెయ్యేసిన ఈ టోపీవాడెవడే?”